మూడు తాళంచెవుల ఇల్లు

నగరిలో మగ్గాల వీధి చివర ఒక పెంకుటిల్లు ఉంది. పోయిన ఏడు ఎండాకాలంలో దానికి చెడ్డపేరు వచ్చింది. దీపాలు పెట్టాక ఆ ఇంటి ముందు ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. పాలు పోసే మనిషి రెండిళ్ళ అవతలే బండి తిప్పుకుని పోయేవాడు. కుక్కలు మాత్రం ఆ అరుగు మీదే హాయిగా పడుకునేవి, కానీ కుక్కల సాక్ష్యం ఎవరికి కావాలి?

లోపల ఒక ముసలామె తిరుగుతోందని చెప్పుకునేవాళ్ళు. నీలం వెలుగు కనిపించిందని ఒకరు... గొంతు వినిపించిందని ఒకరు... గజ్జెలు మోగాయని ఇంకొకరు. ఒక్క దయ్యం ఇన్ని పనులు పెట్టుకోవడం నేనెక్కడా వినలేదు. మామూలుగా ఒక వేపచెట్టో ఒక కూతో చాలు వాటికి.

నేను రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసే మనిషిని. ముప్పయ్యేళ్ళుగా అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ చూస్తున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, బ్రోకర్ల మీద అసలే లేదు. ఈ కథలో రెండూ ఉన్నాయి. ఆ ఇంటావిడ చౌడేశ్వరమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. చివరి ముక్క మాత్రం నా బల్ల ముందే జరిగింది.

చౌడేశ్వరమ్మ, ఆమె మొగుడు ధనుంజయ అద్దె షెడ్డులో నాలుగు పవర్‌లూములు నడుపుకుంటారు. మే నెల చివర్లో షెడ్డు యజమాని వచ్చి, షెడ్డు అమ్మేస్తున్నానన్నాడు. "ఆడి పుట్టే లోపల నువ్వు కొంటే నీకు. లేకుంటే పుత్తూరు పార్టీకి రాసిచ్చేస్తా" అన్నాడు.

మాది తమిళనాడును ఆనుకున్న ఊరు. జూలై నడిమిలో ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, పుట్టిందంటే ఇల్లు కొనేవాడుండడు, అమ్మేవాడుండడు, నా కలానికి కూడా నెల రోజులు సెలవే. ఆ లోపల డబ్బు కుదరకపోతే షెడ్డు పోతుంది. షెడ్డు పోతే మగ్గాలు దించడానికి ఊళ్ళో ఇంకో జాగా లేదు. నాలుగూ పాత ఇనుముకు పోతాయి, మొగుడూ పెళ్ళామూ ఇంకొకరి మగ్గాల దగ్గర కూలికి నిలబడాలి.

అమ్మడానికి వాళ్ళకున్నది ఆ పెంకుటిల్లు ఒక్కటే. ధనుంజయ తల్లి చంద్రకాంతమ్మ మూడేళ్ళ క్రితం పోయినప్పటి నుంచి తాళం వేసి ఉంది. ఆమె చివరిదాకా అందులో గుంటమగ్గం నేసింది. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసే చేతిమగ్గం అది. కొడుకు పవర్‌లూములు పెట్టిన రోజున అత్తాకోడళ్ళకు మాటామాటా పెరిగింది. "నీ గుంటమగ్గం మాకు కూడు పెడతాదా?" అని చౌడేశ్వరమ్మ ఒక మాట అనేసింది. ఆ తర్వాత పెద్దామె ఎనిమిదేళ్ళు బతికింది. కొడుకుతో మాట్లాడింది, ఊరందరితో మాట్లాడింది, కోడలితో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మాట అన్నప్పటి నుంచి చౌడేశ్వరమ్మ నోటికి గట్టిమాట రావడమే మానేసింది. ఎవరేమడిగినా తలూపుతుంది. ఇల్లు అమ్మాలని నా దగ్గరికి వచ్చినప్పుడు నేను స్పష్టంగా చెప్పాను.

"అమ్మా, బ్రోకరును ఎంచుకునేటప్పుడు నిదానంగా చూసుకో. ఒక్కడికే ఇయ్యి. ఒకడికి ఇచ్చినాక రెండోవాడు వస్తే లేదు అని చెప్పు."

దానికీ తలూపింది.

మొదట వచ్చినవాడు వెంకటముని. ధనుంజయకు బావ వరస. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మనోళ్ళం ఉండంగా బయటోడికి ఇస్తావా సెల్లెలా?" అన్నాడు. ఆమె ముందు వాకిలి తాళంచెవి ఇచ్చింది.

రెండోవాడు గోవిందస్వామి. వాళ్ళ మగ్గాలకు నూలు తెచ్చిచ్చే మనిషి, సాయంత్రాలు బ్రోకరు పని. "మీ అత్త కాలం నుంచి ఇరవై ఏండ్లుగా మీకు నూలు తెస్తా ఉండాను. ఒక పార్టీని తేలేనా?" అన్నాడు. ఆమె బస్టాండు దగ్గర ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చింది.

మూడోవాడు చక్రధర్. తిరుపతి నుంచి కారులో వస్తాడు, మెడలో కార్డు వేసుకుంటాడు, ఇల్లు అని చచ్చినా అనడు, ప్రాపర్టీ అంటాడు. "మీ ప్రాపర్టీ నాకొక్కడికే ఇవ్వండి ఆంటీ. నెట్‌లో పెట్టి రెండు వారాల్లో అమ్మేస్తాను" అన్నాడు. అతని కారు మగ్గాల వీధిలో పట్టదు. వెనక సందులో ఆపుకుంటానంటే, పెరటి వాకిలి తాళంచెవి ఇచ్చింది.

ముగ్గురూ వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి ఒకే మాట అడిగారు. "నాకొక్కడికే కదా?"

"నీకొక్కడికేనప్పా" అంది ముగ్గురితోనూ.

ఇక బ్రోకర్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో బ్రోకరు పార్టీని పగలు తీసుకురాడు. పగలు తెస్తే టీ అంగడి దగ్గర ఇంకో బ్రోకరు కళ్ళలో పడుతుంది. సాయంత్రానికి ఆ పార్టీ వాడి బండి వెనకాల కూర్చుని ఉంటుంది. అందుకని ముగ్గురూ చీకటి పడ్డాకే, ఒకరికి తెలియకుండా ఒకరు, పిల్లుల్లాగా వచ్చేవాళ్ళు. ఇంట్లో ఫ్యూజు ధనుంజయ ఎప్పుడో పీకేశాడు. ఎనిమిదింటికి షిఫ్టు మారేటప్పుడు వీధిలోని మగ్గాలన్నీ అరగంట ఆగుతాయి. పగలంతా పక్కమనిషి మాట వినపడని ఆ వీధిలో, ఆ అరగంట మాత్రం పెంకు మీద ఎలుక నడిచినా వినిపిస్తుంది.

సరిగ్గా ఆ అరగంటలోనే... వెంకటముని మొదటి పార్టీని తెచ్చాడు.

రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య. వెంకటముని చప్పుడు కాకుండా తాళం తీశాడు.

"రాండి... తల వంచుకోండి... గడప తగులుతాది..."

లోపల చల్లగా ఉంది. గబ్బిలాల వాసన. ముగ్గురూ చేతులు చాపుకుంటూ నడవలోకి వచ్చారు.

అప్పుడు మగ్గం గదిలో వెలుగు కనిపించింది.

నీలంగా... సన్నగా... గోడ మీద పాకుతూ పోయింది. దూలం దాకా ఎక్కింది. అక్కడ కాసేపు ఆగి, మెల్లగా కిందికి దిగింది.

గదిలోంచి ఒక గొంతు వచ్చింది. మనిషి గొంతే... కానీ మనుషులు మాట్లాడే పద్ధతి కాదు. మెల్లగా, తీయగా, సాగదీస్తూ—

"రండి... లోపలికి రండి... ఈ ఇల్లు... మీ కోసమే ఎదురుచూస్తోంది..."

కండక్టరు భార్య ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. గొంతు ఆగింది. ఒకసారి దగ్గింది. మళ్ళీ మొదటి నుంచి— అదే మాట, అదే తీపి—

"రండి... లోపలికి రండి..."

వాళ్ళు లోపలికి పోలేదు. ఇరవై ఏళ్ళు బస్సు వెనక పరిగెత్తేవాళ్ళను చూసి విసుక్కున్న కండక్టరు ఆ రోజు బస్టాండు దాకా తానే పరిగెత్తాడు. వెంకటముని నేరుగా షెడ్డుకు వచ్చి, చౌడేశ్వరమ్మను బయటికి పిలిచి, చెవిలో చెప్పాడు.

"సెల్లెలా... మీ అత్త ఇంగా పోలేదు. ఆ ఇంట్లోనే ఉండాది."

తర్వాత వారం గోవిందస్వామి వంతు.

ఇద్దరు అన్నదమ్ములను తీసుకొచ్చాడు. తాళంచెవి జేబులోంచి తీశాడు గానీ అవసరం పడలేదు. తాళం తీసే ఉంది. తలుపు తోస్తే కిర్రుమని తెరుచుకుంది.

నడవ మధ్యలో ఒక చిన్న కర్పూరం వెలుగు. దాని ముందు... ఒక ఆకారం కూర్చుని ఉంది.

గోడ వైపు తిరిగి. తల మీద తడిగుడ్డ కప్పుకుని. గుడ్డ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి... ఒక్కొక్క చుక్కే. పక్కన నేల ఎర్రగా ఉంది. ఏదో గుండ్రంగా, రెండు చెక్కలుగా పగిలి, ఆ ఎరుపులో పడి ఉంది.

"ఎవురది?" అన్నాడు గోవిందస్వామి.

ఆకారం తిరగలేదు, జవాబు చెప్పలేదు. లోపల్లోపల గొణుగుతున్నది మాత్రం పెరిగింది. వేగంగా... ఇంకా వేగంగా... తల ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది.

అన్నదమ్ములిద్దరూ తలుపులో ఇరుక్కున్నారు. ఇద్దరికీ ఒకేసారి బయటపడాలని ఉండింది మరి. గోవిందస్వామి వాళ్ళ మీది నుంచి దూకాడు. ఇరవై ఏళ్ళు నూలు మోసిన మనిషి అంత తేలిగ్గా దూకుతాడని అంతకుముందు ఎవరికీ తెలియదు.

ఆయన కూడా షెడ్డుకే వచ్చాడు. ఆయన కూడా చెవిలోనే చెప్పాడు. "మీ అత్త సామాన్యంగా పొయ్యేది కాదమ్మా. నా కండ్లతో సూసినాను."

ఇక చక్రధర్. అతను చదువుకున్నవాడు, ఇలాంటివి నమ్మడు. ఒక సాయంత్రం ఫోను ముఖం ముందు పెట్టుకుని, మద్రాసు పార్టీకి వీడియోలో ఇల్లు చూపిస్తూ పెరటి వాకిలి తీశాడు.

తలుపు కదలగానే... ఘల్లుమని గజ్జెలు మోగాయి.

చక్రధర్ ఆగాడు. గజ్జెలూ ఆగాయి. అడుగు వేశాడు. మళ్ళీ... ఘల్లు.

"అది... విండ్ చైమ్ సార్" అన్నాడు ఫోనులోకి.

మగ్గం గదిలోకి వచ్చి టార్చి వేశాడు. గుంట అంచున ఒక అరటి విస్తరి పరిచి ఉంది. అన్నం, వడలు, పాయసం. ఒక వడ సగం తిని ఉంది. అన్నంలో చెయ్యి పెట్టి కెలికినట్టు గుర్తులు... పాయసం ఇంకా కొంచెం కదులుతోంది.

ఫోనులో మద్రాసు ఆయన మెల్లగా అడిగాడు. "ఎవరికి వడ్డించారు తంబీ?"

మద్రాసు ఆయన ఫోను పెట్టేశాడు. పది నిమిషాల్లో కారు పుత్తూరు దాటింది. చక్రధర్ షెడ్డుకు రాలేదు, ఫోను చేశాడు. "ఆంటీ, ప్రాపర్టీలో నెగెటివ్ ఎనర్జీ ఉంది. ఎవరో పెద్దవాళ్ళు... వెళ్ళలేదు" అన్నాడు.

ఇలా ముగ్గురూ, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మాట చెప్పారు. ఒక సాక్షి చెబితే కొట్టిపారేయొచ్చు. ముగ్గురు విడివిడిగా వచ్చి చెబితే కోర్టయినా నమ్ముతుంది, చౌడేశ్వరమ్మ నమ్మదా?

ఆడికి ఆరు రోజులుందనగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఆమెకు ఇష్టం లేదన్నా" అంది. "నేను ఆ పొద్దు అనిన మాట ఇంగా ఆమె కడుపులోనే ఉండాది. ఆమె మగ్గం నేసిన ఇల్లు అమ్మి పవర్‌లూమ్ షెడ్డు కొంటానంటే గమ్మునుంటాదా?"

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఇంకో బ్రోకరును చూడు" అన్నాను. అంతకన్నా పనికిమాలిన సలహా నా జన్మలో నేనివ్వలేదు.

ఆమె నా మాట వినలేదు. ఇంకా నాలుగు రోజులుందనగా, అమావాస్య నాడు, ఎవరికీ చెప్పకుండా ఒక్కతే ఆ ఇంటికి పోయింది.

తన దగ్గరున్న తాళంచెవితో ముందు వాకిలి తీసి, లోపలికి వచ్చి, మళ్ళీ దగ్గరగా వేసుకుంది. దీపం వెలిగించలేదు. మగ్గం గదిలోకి పోయి, అత్త కూర్చునే చోటే గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుంది. మగ్గం ఎప్పుడో విప్పేశారు. గుంట ఒక్కటే మిగిలింది.

బయట షిఫ్టు ముగిసింది. వీధి మగ్గాలు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి.

"అత్తా..." అంది చీకట్లోకి. "నేను... చౌడేశ్వరిని. ఇల్లు అమ్మేది నీకు ఇష్టం లేకుంటే నాకు చెప్పు. వచ్చేవాళ్ళను బెదిరించొద్దు. షెడ్డు పోతే పోనీ... నేను కూలికి పోతాను. నువ్వు మాత్రం నాతో మాట్లాడు."

పెంకుల మీద ఏదో పాకింది. ఆమె లేవలేదు.

అప్పుడు... ముందు వాకిలి కిర్రుమంది.

అడుగులు. నెమ్మదిగా... ఆగి ఆగి. నీళ్ళు చల్లుతున్న చప్పుడు. పసుపు వాసన.

పెరట్లో గజ్జెలు మోగాయి.

అటు నుంచి ఇంకొకరి అడుగులు. వాటి వెంట ఏదో నేల మీద చల్లుతున్నట్టు సన్నని రాలుడు.

ముందు వాకిలి మళ్ళీ కిర్రుమంది.

చౌడేశ్వరమ్మ ఒక్క అత్త కోసం వస్తే, ఇంట్లో మూడు జతల అడుగులు నడుస్తున్నాయి. అన్నీ మగ్గం గది వైపే. గుమ్మం దగ్గర ఎవరో వణుకుతూ గుసగుసలాడారు.

"చంద్రకాంతమ్మా... తల్లీ... ఇంగ ఎల్లిపో... ఈ పొద్దు బొబ్బట్లు తెచ్చినాను..."

"ఎ... ఎవురు?" అంది ఇంకో గొంతు, రెండడుగుల దూరంలో.

ఆ తర్వాత ఏం జరిగిందో చీకట్లో ఆమెకు సరిగా తెలియలేదు. వేపకొమ్మ ఒకటి గాలిలో ఊగి ఎవరి వీపు మీదో చెళ్ళుమంది. గుప్పెడు ఉప్పు ఎవరి కళ్ళలోనో పడింది. స్టీలు క్యారియరు నేల మీద పడి దొర్లింది. ముగ్గురు మగవాళ్ళు ఒకేసారి పెట్టిన కేక వీధి మొదటిదాకా వినిపించిందని తర్వాత చెప్పారు.

చౌడేశ్వరమ్మ అగ్గిపుల్ల గీసింది.

ఎదురుగా వెంకటముని, గోవిందస్వామి, చక్రధర్. ఒకరినొకరు కరుచుకుని ఉన్నారు. ఒకరి చేతిలో పసుపు నీళ్ళ చెంబు, ఒకరి పాదాల దగ్గర బొబ్బట్లు, ఒకరి పిడికిట్లో ఇంటర్నెట్‌లో చూసి తెప్పించిన ఉప్పు.

వాళ్ళు చూసింది వేరు. నేలలోంచి నడుము దాకా లేచిన ఒక ఆడమనిషి... అగ్గిపుల్ల వెలుగులో వాళ్ళ వైపే చూస్తోంది. మళ్ళీ ఇంకో కేక పెట్టారు. చక్రధర్ కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు. అతను చదువుకున్నవాడని ముందే చెప్పాను.

"నేనేనప్పా... చౌడేశ్వరిని" అంది ఆమె.

ముందుగా తేరుకున్నది వెంకటముని. పక్కవాళ్ళ చేతుల్లోకి చూశాడు.

"నీకెట్ల వచ్చింది ఈ ఇంటి బీగంచెవి?"

"నాకు ఆయమ్మే ఇచ్చింది. నీకు?" అన్నాడు గోవిందస్వామి.

"నాకొక్కడికే ఇచ్చినానని చెప్పిందే."

"నాకూ అదే చెప్పారు" అన్నాడు చక్రధర్.

ఇంకో పుల్ల గీసేలోపల అన్నీ బయటపడ్డాయి. "లోపలికి రండి" అని పిలిచింది చక్రధర్— నెట్‌లో పెట్టడానికి వీడియో తీసుకుంటూ, మాట సరిగా రాలేదని రెండుసార్లు చెప్పాడు. ఆ గొంతుకు జడిసి వెంకటముని ఏ పల్లెలోనో మంత్రం వేసే మనిషిని అడిగితే, తడిగుడ్డ కప్పుకుని కూర్చో, కుంకుమ వేసి గుమ్మడికాయ కొట్టు, నూటెనిమిది అయ్యేదాకా ఎవరు పిలిచినా పలకొద్దు అన్నాడట. ఆ ఆకారానికి జడిసి గోవిందస్వామి ముసలామె ఆకలితో ఉందేమోనని విస్తరి వేశాడు, బయటికొస్తే తెలియాలని పెరటి తలుపుకు గజ్జెలు కట్టాడు. వడ తిన్నది పందికొక్కు. ఒకరి భయానికి ఒకరు విరుగుడు చేసుకుంటూ ముగ్గురూ కలిసి ఒక దయ్యాన్ని తయారు చేశారు. అమావాస్య మంచిదని ముగ్గురికీ ఒకేసారి తోచింది, అంతే.

ముగ్గురూ చౌడేశ్వరమ్మ వైపు తిరిగారు. "మమ్మల్ని కాదు, ముందు నిన్ను అనాల" అన్నాడు వెంకటముని.

ఆమె తలదించుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందని వాళ్ళు అనుకున్నారు. ఆమె నవ్వుతోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"సరే, ఇప్పుడన్నా చెప్పమ్మా" అన్నాడు గోవిందస్వామి. "మా ముగ్గురిలో ఎవురికి?"

ఆమె గుంటలోంచి లేచి వచ్చి చెయ్యి చాపింది.

"ఎవురికీ లేదు. బీగంచెవులు ఇయ్యండి."

ఆ మాట అనడానికి ఆమెకు పదకొండేళ్ళు పట్టింది. మూడు తాళంచెవులూ తీసుకుని, రెండు వాకిళ్ళకూ తాళాలు వేసి, అన్నీ మొలలో దోపుకుని ఇంటికి పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే వచ్చి ఇదంతా నాకు చెప్పింది. ముఖం తేటగా ఉంది. "అత్తకు కోపం లేదన్నా. ఆడ ఉన్నింది వీళ్ళే" అంది. నాకూ సంతోషమే, నవ్వాను. కానీ మూడు రోజుల్లో ఆడి. బ్రోకరు లేడు, పార్టీ లేదు. ఆ రోజంతా అలాగే గడిచిపోయింది.

ఆ మరుసటి పొద్దున షెడ్డుకు ఒకాయన వచ్చాడు. యోగానంద అని, సత్యవేడు నుంచి బదిలీ మీద వచ్చిన పశువుల ఆసుపత్రి ఉద్యోగి. ఇల్లు చూశానని, నచ్చిందని, ధర కూడా తెలుసునని చెప్పి అడ్వాన్సు చేతిలో పెట్టాడు. ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. ఎవరు చూపించారని చౌడేశ్వరమ్మా అడగలేదు. అడిగితే ముగ్గురిలో ఒకరి పేరు బయటికొస్తుంది, మిగతా ఇద్దరూ అడ్డం పడతారు, బేరం చెడుతుందని ఆమె భయం. తెల్లవార్లూ కూర్చుని నేను దస్తావేజులు రాశాను— ఇంటిది ఒకటి, షెడ్డుది ఒకటి.

రిజిస్ట్రేషను రోజు, అంటే ఆడికి ముందు రోజు, పదింటికల్లా అందరూ నా బల్ల దగ్గరికి చేరారు. ధనుంజయ తెల్లచొక్కా వేసుకొచ్చాడు. షెడ్డు యజమాని పక్క బెంచీ మీద కాచుకుని ఉన్నాడు.

పదిన్నరకు బ్రోకర్లు ముగ్గురూ దిగారు. బెల్లం ఎక్కడ కొట్టారో ఈగకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"యోగానంద నా పార్టీ. టీ అంగడి కాడ నేనే ముందు పలకరించినాను" అన్నాడు వెంకటముని.

"నా దగ్గర నంబరు ఉండాది" అన్నాడు గోవిందస్వామి.

"నా వీడియో చూసే వచ్చారు" అన్నాడు చక్రధర్. "నా వాటా తేలేదాకా సంతకాలు పెట్టనివ్వను."

చౌడేశ్వరమ్మ ముఖం తెల్లబోయింది. షెడ్డు యజమాని గడియారం చూసుకున్నాడు. మా దగ్గర దీనికి ఒకటే కట్టుబాటు. ఇంట్లోకి తీసుకుపోయి మొదట ఎవరు చూపిస్తే కమీషను వాళ్ళది. దాన్ని ఏ బ్రోకరూ కాదనడు. నేను కలం పక్కన పెట్టి, యోగానందను అందరి ముందూ అడిగాను.

"నీకు ఇల్లు చూపించింది ఎవరు?"

"వీళ్ళెవరూ కాదు సార్" అన్నాడాయన. "అమావాస్య మరసటి రోజు పొద్దు గుంకేటప్పుడు బండి మీద పోతా ఉంటి. వాకిలి తెరిచి ఉండాది. లోపల పెద్దామె కసువు ఊడస్తా ఉండాది. ఇల్లు అమ్మకానికి ఉందా అంటే, రా నాయనా, సూడు అనింది."

"ఏ పెద్దామె?" అన్నాడు గోవిందస్వామి.

"సన్నంగా, పొడుగ్గా ఉండాది. మోకాళ్ళు పట్టుకుని నడస్తాది. అన్నీ తిప్పి చూపించింది సార్. వానొస్తే వంటింట్లో ఈడ కారతాది, ఆ మూల వాసానికి చెద పట్టింది, ఎండాకాలంలో బావి అడుగంటుతాది... ఒక్కటి దాచలేదు. ఈ ఊళ్ళో ఇరవై ఇండ్లు చూసినాను. లోపాలు చెప్పి ఇల్లు చూపించినోళ్ళు ఒక్కరు లేరు. ఆమె మాట మీదే బేరమాడకుండా వచ్చినాను." చుట్టూ చూశాడు. "ఆమె ఈయన వాళ్ళమ్మే కదా? కొడుకు ఇల్లు అనింది. ఈ పొద్దు రాలేదా?"

ధనుంజయ బెంచీ మీద కూలబడ్డాడు.

నేను తల తిప్పేసరికి చక్రధర్ కారు దగ్గర ఉన్నాడు. వెంకటముని, గోవిందస్వామి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గేటు దాటుతున్నారు. కమీషను అడగకుండా బ్రోకర్లు రిజిస్ట్రారు ఆఫీసు వదిలిపోవడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను.

చౌడేశ్వరమ్మ కదల్లేదు. ఒక చెయ్యి మొలలోని తాళంచెవుల మీద ఉంది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అందుకని గొంతు సవరించుకుని, ఏమీ కానట్టు, లెక్కప్రకారం అడగాల్సిందే అడిగాను. "మరి ఆమె కమీషను సంగతి?"

"ఇస్తానంటి సార్, వద్దనింది" అన్నాడు యోగానంద. "ఒగటే మాట చెప్పింది. ఆడి పుట్టకముందే రాయించుకో నాయనా, తడవైతే మా కోడలికి ఆ షెడ్డు దక్కదు... అని. షెడ్డుకు దావ కూడా ఆమే చెప్పింది."

చౌడేశ్వరమ్మ యోగానంద దగ్గరికి వచ్చి, ఆయన ముఖంలోకి చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"ఏమనింది?"

ఆయన మళ్ళీ చెప్పాడు.

"మా కోడలు అనిందా?"

"అవునమ్మా. మా కోడలు అనింది."

ఆమె కొంగు ముఖానికి కప్పుకుని, అంతమంది ముందు, చిన్నపిల్లలాగా ఏడ్చింది. భయంతో కాదు. అది భయం కాదని ఎవరు చూసినా తెలుస్తుంది.

లోపల నుంచి మా పేర్లు పిలిచారు. ధనుంజయ లేచాడు, షెడ్డు యజమాని లేచాడు. నేను కాగితాలు సర్దుకుని రమ్మని ఆమెకు సైగ చేశాను. ఆమె రాలేదు. యోగానంద చొక్కా చెయ్యి పట్టుకుని, ఆ మాట ఇంకొక్కసారి చెప్పమని అడుగుతోంది.